కిరాయి తోట

శిఖర ఎన్‌క్లేవ్ పక్కనున్న తోటను చూసి, "ఇదంతా మీ కుర్రాళ్ల ఘనతే కదమ్మా" అని ఎవరైనా నాతో అంటే నాకు ఒళ్లు మండుతుంది. అనొద్దని చెప్పినా అంటారు. జూబ్లీహిల్స్ జనానికి మెచ్చుకోవడానికి ఒక కుర్ర మొహం కావాలి, అంతే. ఆ తోటలో ఇరవై రెండు మడులున్నాయి. అందులో నాది ఒక్కటి కూడా లేదు. ఉండకూడదు కూడా. ఎందుకో చెప్తాను. మధ్యలో నన్ను ఓదార్చకండి, నాకు అసలే చిరాకు.

నా పేరు మెర్లిన్. మా నాన్న దేవకుమార్ సినిమా సెట్లు కట్టే వడ్రంగి. నేను పుట్టకముందే చీరాల నుంచి ఫిల్మ్ నగర్ వచ్చి, గుట్ట కింద బస్తీలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. నేను డిగ్రీ అయ్యాక ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా చేరాను. నా పని సెట్ డ్రెస్సింగ్. అంటే కెమెరా ఎటు చూస్తుందో అటు అన్నీ సర్దిపెట్టడం. పేదింటి సీనైతే గోడకు మసి పూస్తాం, పెళ్లింటి సీనైతే రాత్రికి రాత్రే అరటిచెట్లు మొలిపిస్తాం. షాట్ అయిపోగానే అన్నీ పీకి బండెక్కిస్తాం. నాలుగేళ్లుగా ఇదే పని చేసి చేసి, ఏం చూసినా ముందు ఫ్రేములో ఎలా ఉంటుందనే చూడటం నాకు అలవాటైపోయింది. ఈ దరిద్రపు అలవాటే కొంప ముంచింది.

గుట్ట మీద శిఖర ఎన్‌క్లేవ్, గుట్ట కింద మా బస్తీ. రెండింటి మధ్య ఆరువందల గజాల ఖాళీ జాగా ఉండేది. లేఔట్ కాగితాల్లో అది పార్కు. నిజానికి అది చెత్తదిబ్బ. షూటింగులు అయిపోయాక విరిగిన థర్మోకోల్ స్తంభాలు, ప్లైవుడ్ ముక్కలు, ప్లాస్టర్ ఏనుగు తొండం, అన్నీ తెచ్చి అక్కడే పారబోసేవాళ్లు. వాటిలో కొన్ని మా నాన్న చేసినవే.

ఆ జాగాలో ఒక మూల మాత్రం శుభ్రంగా ఉండేది. అది నీలమ్మక్కది. కాగితాల మీద కాదు, చేతుల మీద. నీలమ్మక్క నారాయణపేట వైపు నుంచి వచ్చింది. ఎన్‌క్లేవ్‌లో ఆరిళ్లలో అంట్లు తోముతుంది, గదులు తుడుస్తుంది. ఆ మూలన పన్నెండేళ్లుగా గోంగూర వేస్తోంది. గోంగూర అంటే ఆమెకు కోపం, పుంటికూర అనాలి. ఎర్ర కాడ, నోట్లో పెడితే పళ్లు జివ్వుమనే పులుపు. ట్యాంకర్ వచ్చిన రోజు ఇంటికి పట్టుకున్న బిందెల్లోంచి రెండు ఆ మొక్కలకు పోసేది. తాను పనిచేసే ఆరిళ్లకూ వారానికో కట్ట చొప్పున ఇచ్చేది, ఎవరినీ ఏమీ అడగకుండా.

ఆ విత్తనం వాళ్ల అమ్మది. ఏటా కొన్ని మొక్కల్ని కోయకుండా వదిలేస్తే అవి పూసి, కాయ కట్టి, కట్టెల్లా ఎండుతాయి. ఆ కాయల్లోంచి విత్తనం తీసి మళ్లీ వానాకాలంలో చల్లేది. దుకాణంలో విత్తనం ఏనాడూ కొనలేదు. వాళ్లమ్మ పోయి తొమ్మిదేళ్లు అయిందట. పొలమూ పోయింది, ఇల్లూ పోయింది, మిగిలింది ఆ విత్తనం ఒక్కటే. ఈ సంగతి నాకు తెలుసు. బాగా గుర్తుపెట్టుకోండి, నాకు తెలుసు.

ఇక కౌస్తుభ్. డబ్బింగ్ స్టూడియో ఓనరు కొడుకు, ఎన్‌క్లేవ్‌లోనే ఇల్లు. ఒక షూటింగ్‌లో పరిచయమయ్యాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టడం ఎంత సుఖంగా ఉండేదో. ఆ జాగాలో అందరి కోసం కూరగాయల తోట వేద్దామన్నది అతని ఆలోచనే. పైవాళ్లూ కిందివాళ్లూ కలిసి మడులు చేసుకోవాలి, ఎవరు పండించింది వాళ్లు తినాలి, మిగిలింది పంచుకోవాలి. వినగానే నాకు నచ్చేసింది. మేమిద్దరం, ఇంకో పదిమంది కుర్రాళ్లం కలిసి ఆదివారాలు చెత్త తీశాం. ఏనుగు తొండాన్ని నలుగురం మోశాం.

అప్పుడే కాలనీ అసోసియేషన్ అధ్యక్షుడు వెంకటాచలం గారికి ఆ జాగా ఉన్నట్టు గుర్తొచ్చింది. ఎన్‌క్లేవ్‌లో ఇంటికి మూడేసి కార్లు. మూడో కారు పెట్టుకోవడానికి జాగా కావాలని ఆయన వార్డు ఆఫీసులో అర్జీ పెట్టాడు. మేమూ వెళ్లి తోట కావాలని అర్జీ పెట్టాం. అక్కడి అధికారి రెండు అర్జీలనూ పక్కపక్కన పెట్టి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఏది కావాలంటే అదే, సంతకాలు పట్టుకురండి, తర్వాత నేనొచ్చి జాగా చూస్తాను అన్నాడు.

సంతకాల కోసం మేం చెప్పులరిగేలా తిరిగాం. కౌస్తుభ్ పోస్టర్లు వేయించాడు, ఫోన్లో స్కాన్ చేస్తే చాలు మద్దతు తెలపొచ్చు అన్నాడు. ఒక్కడూ చేయలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేవాడు. లోపలికి వెళ్లినచోట కాఫీ ఇచ్చి, చాలా మంచి పని చేస్తున్నారు అని, ఆలోచించి చెప్తామనేవాళ్లు. ఒకావిడైతే బస్తీవాళ్లు ఇటు రావడం మొదలుపెడితే మా పిల్లల సైకిళ్లు మిగలవు అంది, నేను బస్తీదాన్నని తెలియక. నేను నోరు మూసుకున్నాను. ఇప్పుడైతే మూసుకోను.

చివరికి నీలమ్మక్క ఆ కాగితం చూసి, ఇదేంది బిడ్డా, ఇన్ని దినాల సంది తిప్పుతున్నరు, నాకియ్యి అంది. ఆరిళ్లలో ఆమె స్వయంగా అడిగింది. మిగతా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు వంటింట్లో, బట్టలు ఆరేసేచోట, పాప జడ వేస్తూ అడిగారు. నాలుగు రోజుల్లో అరవై ఇళ్ల సంతకాలు వచ్చాయి. వెంకటాచలం గారి భార్య శ్యామలాదేవి గారు కూడా ఆయనకు చెప్పకుండా పెట్టిందని తర్వాత తెలిసింది. రెండు నెలలు మేం కొట్టుకున్న డప్పు వినని ఇళ్లు నీలమ్మక్క ఒక్క మాటకే సంతకం పెట్టాయి. అదీ ఆమె సంపాదించుకున్న నమ్మకం. దాన్ని మాకు అప్పగించింది.

దానికి ఆమె మమ్మల్ని అడిగింది ఒక్కటే. తన మూల తనకు ఉండాలి. కౌస్తుభ్ ఆ మూల మీద ఒట్టేసినంత పని చేశాడు. అప్పుడామె, ఈసారి పుంటికూర మొత్తం ఇత్తులకే ఇడుస్తున్న, తోటల ఎన్ని మడులుంటే అన్ని మడులకూ నేనే ఇస్త అంది. డిసెంబరంతా ఒక్క ఆకు కోయలేదు. తనకూ కూరకు లేకుండా వదిలేసింది.

అధికారి వచ్చే తేదీ క్రిస్మస్ అయిన రెండో వారంలో పడింది. గురువారం పొద్దున పదింటికి. బుధవారం మధ్యాహ్నం నేనూ కౌస్తుభ్ జాగాలో నిలబడి చూశాం. మడులు చేసి పది రోజులే అయింది. మెంతికూర గోరంత మొలిచింది. పాలకూర ఇంకా తేల్చుకోలేదు. మిగతాదంతా ఎర్రమట్టి. ఆ మూల నీలమ్మక్క పుంటికూర ఛాతీ ఎత్తు కట్టెలై నిలబడి ఉంది, ఆకులు రాలిపోయి, కాయలు గోధుమరంగుకు తిరిగి.

కౌస్తుభ్ మొహం వాడిపోయింది. ఇది చూస్తే ఆయన పార్కింగే మేలంటాడు, మనం రెండు నెలలు లేటుగా మొదలుపెట్టాం అని గోళ్లు కొరుక్కుంటున్నాడు. అప్పుడు నేను అన్నాను. అతను కాదు, నేను. రేపొక్క రోజుకు డ్రెస్ చేద్దాం అన్నాను.

షూటింగులకు మొక్కలు కిరాయికిచ్చే కమలాకర్ అన్న నాకు బాగా తెలుసు. ఫోన్ చేస్తే గంటలో రెండు బళ్లు పంపాడు. కుండీల్లో టమాటా, వంగ, కాయలతో ఉన్న మిరప, బంతి, మందార. కుండీలు పగలొద్దు, రేపు సాయంత్రం ఐదింటికి బండి వస్తది, ఎల్లుండి ఒక పాటకు కావాలె అన్నాడు. సరే అన్నాను. మడుల్లో గుంటలు తీసి కుండీలను మెడ దాకా పాతి, పైన మట్టి కప్పాం. అంచులు కనబడకుండా ఎండు గడ్డి పరిచాను. మూడు గంటల్లో ఆ ఎర్రమట్టి జాగా సంవత్సరం కిందటి తోటలా తయారైంది. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. వెనక్కి నడిచి, రోడ్డు పక్కన నిలబడి, అధికారి ఎక్కడ నిలబడతాడో అక్కడ నిలబడి చూశాను.

ఆ మూల ఒక్కటే బాగాలేదు. అంత పచ్చదనంలో ఆ ఎండు కట్టెలు ముందుకొచ్చి కంట్లో గుచ్చుకుంటున్నాయి. ఏదో చచ్చిపోయిన మొక్కల్ని తీయకుండా వదిలేసినట్టుంది. ఇంకా ఆరు మందార కుండీలు మిగిలి ఉన్నాయి. కౌస్తుభ్ ఫోన్లో ఉన్నాడు. నీలమ్మక్క పైన ఎవరింట్లోనో అంట్లు తోముతోంది. నేను వెళ్లి ఒక మొక్క పట్టుకుని లాగాను. వేరు పట్టు గట్టిగా ఉంది. రెండు చేతులతో లాగాను. తర్వాత ఇంకోటి. విత్తనం కోసం ఉంచిందని ఆ క్షణంలో నాకు గుర్తులేదు అని చెబితే నాకు హాయిగా ఉంటుంది. గుర్తుంది. పక్కన పెట్టి తర్వాత ఇస్తే సరి అనుకున్నాను. మోపు కట్టి రోడ్డు పక్కన పెట్టాను. ఆ మూల ఎర్రటి మందారలు పాతాను. ఫ్రేము నిండింది.

పొద్దున వచ్చి చూస్తే మోపు లేదు. చెత్త ఆటోవాళ్లు రోడ్డు పక్కన ఉన్నదంతా ఎత్తుకుని పోయారు. వాళ్ల పని వాళ్లు చేశారు. నేను ఆటో వెనకాల పరిగెత్తాను కూడా, చెత్త గుట్ట దాకా. అక్కడ నగరం మొత్తం ఉంది. పుంటికూర లేదు.

అధికారి సరిగ్గా పదింటికి వచ్చాడు. జాగాలో అడుగుపెట్టి, నేను అనుకున్న చోటే నిలబడి, నేను అనుకున్నట్టే నోరు తెరిచాడు. టమాటాలు ముట్టుకుని చూశాడు. మందారల పక్కన ఫోటో దిగాడు. వెంకటాచలం గారు పార్కింగ్ మాట ఎత్తడానికి వచ్చి, తోట చూసి, అటూ ఇటూ నడిచి, చటుక్కున మాట మార్చేశాడు. నేను చూశాను ఆయన కళ్లలో లెక్క మారడం. ఇంత అందమైన పార్కు మా కాలనీకి ఉందని మాకే తెలియదు సార్, దీన్ని అసోసియేషన్ దత్తత తీసుకుంటుంది, ప్రహరీ, గేటు, వాకింగ్ దారి, లైట్లు, అన్నీ మేమే పెట్టుకుంటాం అన్నాడు. అధికారి సంతకాల కాగితం తిరగేశాడు. అరవై సంతకాలూ ఎన్‌క్లేవ్ ఇళ్లవే. బస్తీవాళ్ల సంతకాలు అవసరం లేదని, పైవాళ్లను ఒప్పిస్తే చాలని మేమే అనుకున్నాం. నివాసులందరూ కోరుతున్నారన్న మాట, మంచిది, బయటివాళ్లు తొక్కి పాడుచేయకుండా మీరే చూసుకోండి అన్నాడు ఆయన. మందారల ముందు నిలబడి అసోసియేషన్‌కు ఇచ్చేస్తున్నానని చెప్పి వెళ్లిపోయాడు.

నేను కౌస్తుభ్ వైపు చూశాను. అతను నేల చూశాడు.

సాయంత్రం ఐదవుతుండగా నీలమ్మక్క పని ముగించుకుని వచ్చింది. తోటంతా ఒకసారి చూసింది. నేరుగా తన మూలకు వెళ్లింది. మందార కుండీ అంచు మీది మట్టి కాలితో తోసింది, కుండీ బయటపడింది.  తర్వాత నావైపు తిరిగి ఎవరు పీకిండ్రు అని అడిగింది. మొక్కల బళ్లతో వచ్చినవాళ్లు తెలియక పీకినట్టున్నారక్కా అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. అప్పుడే కమలాకర్ అన్న మనుషులు బండి దిగుతున్నారు. వాళ్లకు నీలమ్మక్క పెట్టిన తిట్లు ఫిల్మ్ నగర్ మొత్తం వినబడి ఉంటాయి. పాపం వాళ్లు ఏమీ అర్థం కాక తలవంచుకుని కుండీలు ఎత్తుకున్నారు. నేను అక్కడే నిలబడి విన్నాను. ఛీ, తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

నాలుగు రోజుల్లో ఇనుప గేటు వచ్చింది, తాళం పడింది. బోర్డు పెట్టారు: కాలనీ నివాసులకు మాత్రమే, ఉదయం ఐదు నుంచి ఎనిమిది వరకు. తాళంచెవి వెంకటాచలం గారింట్లో. నీలమ్మక్క రోజూ ఆ ఇంట్లో అంట్లు తోముతూ గోడకు వేలాడే ఆ తాళంచెవిని చూసేది.

కౌస్తుభ్‌తో గొడవ పెట్టుకున్నాను. ఆ మాటలు అన్నీ ఇక్కడ చెప్పలేను. ముందు మనల్ని గేటు లోపల అడుగుపెట్టనీ, తర్వాత మెల్లగా బస్తీవాళ్లకు కూడా టైమింగ్ అడుగుదాం, ప్రాక్టికల్‌గా ఉండాలి అన్నాడు. మాట ఇచ్చింది నువ్వు కాదా అని నేను అరిస్తే, అతను చాలా మెల్లగా, "కిరాయి మొక్కల ఐడియా నీదే కదా మెర్లిన్" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పేవాళ్లందరూ మంచి గొంతుతో చెప్పాలని లేదు. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు, కానీ ఆ మాట మాత్రం నాలుగు రోజులు చెవిలో తిరుగుతూనే ఉంది.

ఐదో రోజు నేనొక్కదాన్నే వార్డు ఆఫీసుకు వెళ్లాను. కమలాకర్ అన్న దగ్గర కిరాయి రసీదు తీసుకున్నాను. కుండీలు పాతుతున్నప్పుడు షూటింగ్ అలవాటు కొద్దీ తీసిన ఫోటోలు నా ఫోన్లోనే ఉన్నాయి. మీరు చూసిన తోట కిరాయిది, మోసం మాది, సంతకాలు పైవాళ్లవే కానీ అడిగింది బస్తీ ఆడవాళ్లు అని కాగితం రాసి బల్ల మీద పెట్టాను. అధికారి ముఖం కందిపోయింది. ఆయన మందారల పక్కన దిగిన ఫోటో అప్పటికే పై ఆఫీసుకు వెళ్లిందట. నన్ను పావుగంట తిట్టాడు. తిట్టాలి కూడా. చివరికి, దత్తత రద్దు, పది రోజులు టైమిస్తాను, ఈసారి పైనా కిందా అందరి సంతకాలూ రావాలి, జరిగింది చెప్పి మరీ తీసుకోవాలి, రాకపోతే పార్కింగే, మళ్లీ నాకు మొహం చూపించొద్దు అన్నాడు.

బస్తీకి వచ్చి నీలమ్మక్కకు చెప్పాను. జరిగిందంతా చెప్పాను. ఒక్కటి తప్ప. అది కాగితంలోనూ రాయలేదు. మొక్కలు కిరాయివి అన్నాను, అంతే. పీకిన మాట ఎత్తలేదు.

నీలమ్మక్క ఇంట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఈ సినిమోళ్ల పిల్లను ఎట్ల నమ్ముతవు, నిన్ను నవ్వులపాలు చేసింది సాలదా అని ఒకామె గట్టిగానే అంది. నీలమ్మక్క నా చేతికి చాయ్ గ్లాసు ఇస్తూ, ఈ పిల్ల పోయి తప్పు ఒప్పుకొని వచ్చింది, మన ఇండ్లళ్ల ఎంతమంది ఒప్పుకుంటరు అంది. నేను ఆ చాయ్ తాగాను. 

ఈసారి తాను అడగనంది. మొదట తన మాట మీద పెట్టిన సంతకాలను మేం వాడుకున్న తీరు ఆమెకు మంటగానే ఉంది. నువ్వే చెప్పాలె, ప్రతి గడప కాడ జరిగిందంతా చెప్పాలె, నేను పక్కన నిలబడ్త అంది. మొదటి ఇల్లు ఏదని అడిగితే వెంకటాచలం సారుదే, ఎక్కడ భయమైతదో అక్కడికే ముందు పోవాలె అంది.

మర్నాడు పొద్దున పదకొండింటికి వెళ్లాం. వెంకటాచలం గారే తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు. వరండాలోనే నిలబెట్టి విన్నాడు. నేను మొక్కల కిరాయి సంగతి, సంతకాల సంగతి, అధికారి చెప్పిన మాట, అన్నీ చెప్పాను. ఆయన పెద్దగా కోప్పడలేదు. నవ్వాడు. అది ఇంకా మండించింది. గవర్నమెంటు మనిషి చెవిలో పువ్వు పెట్టి, ఇప్పుడు నా సంతకం కూడా కావాలంటావా అమ్మాయ్ అన్నాడు. తర్వాత నన్ను వదిలేసి నీలమ్మక్కవైపు తిరిగాడు.

"నీలమ్మా, నీకేం తక్కువ చేశామని ఈ పిల్ల వెంట తిరుగుతున్నావు? పోయినవి నాలుగు ఎండు పుల్లలు. అవీ ఆ బళ్లవాళ్లు తెలియక పీకారు."

శ్యామలాదేవి గారు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. నీలమ్మక్క చెంగు భుజం మీదికి లాక్కుని, ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"పుల్లలు కావు సారు. మా అమ్మ ఇత్తులవి. ఆ బండోళ్లకు తెల్వక పీకిండ్రు, వాళ్లని తిట్టిన, అది నా తప్పే. తెలిసినోళ్లెవ్వరన్న పీకుతరా?"

 ఆమె నా తరఫున వాదిస్తోంది. ఏ పాపం ఎరుగని ఆ బండివాళ్లకు క్షమాపణ కూడా చెప్పేసింది. నేను ఇంకా ఊరుకుంటే, ప్రతి గడప దగ్గరా ఆమె ఇదే మాట అంటుంది. అరవై ఇళ్లలో అరవైసార్లు నా అబద్ధాన్ని ఆమె నోటితో చెప్పిస్తాను.

"తెలిసే పీకాను" అన్నాను. "బండివాళ్లు కాదక్కా. నేనే. విత్తనానికి ఉంచావని తెలిసే పీకాను. అందంగా లేవని."

 వెంకటాచలం గారు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు ఇది సరదాగా కూడా ఉంది, పెదవి చివర కనబడింది. నీలమ్మక్క నావైపు తిరగలేదు. ఆయన వైపే చూస్తూ నిలబడింది. 

శ్యామలాదేవి గారు ముందుకు వచ్చి నా చేతిలో కాగితం తీసుకుంది. సన్నటి గొంతుతో, ఎవరినీ చూడకుండా, "పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో మనం లొట్టలేసుకుని తిన్న పచ్చడి ఆ పుల్లలదేనండీ" అని భర్తతో అంది. పిట్టగోడ మీద కాగితం పెట్టి సంతకం చేసింది. ఆయన ఏదో అనబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. తాళంచెవి కూడా ఆవిడే లోపలికెళ్లి గోడ మీంచి తీసుకొచ్చి నీలమ్మక్క చేతిలో పెట్టింది. నీలమ్మక్క నమస్కారం పెట్టి మెట్లు దిగింది. నేను వెనకాలే దిగాను.

గేటు బయట, రోడ్డు మీద ఆగింది. నా ముందుకు చెయ్యి చాచి కాయితం ఇయ్యి అంది. ఇచ్చాను. మడత పెట్టి జాకెట్టులో దోపుకుంది.

అక్కా, భయపడి చెప్పలేదు అన్నాను. 

"భయమా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది, బండివాళ్లను తిట్టినట్టు నన్నూ తిట్టి ఉంటే బాగుండేది. "గంత పెద్ద ఆఫీసరు ముంగట నిలబడి చెప్పనీకె భయం కాలే. నాకు చెప్పనీకె అయింది. ఆయనకు చెప్తే మంచిపిల్లవు అయితవు. నాకు చెప్తే కావు. గంతే కదా?"

నేను కాదు అనాలనుకున్నాను. కానీ ఆమె అన్నది నిజం. ఆఫీసులోంచి బయటికి వస్తున్నప్పుడు నేనెంత నిజాయితీపరురాలినో అని నాకు నేనే మురిసిపోయాను. ఆమె ఇంట్లో చాయ్ తాగుతున్నప్పుడు కూడా ఆ మురిపెం కొంచెం మిగిలే ఉంది.

"ఇగ నువ్వు రాకు" అంది. "తోట నాక్కావాలె, కిందోళ్లకు కావాలె. సంతకాలు నేనే తెచ్చుకుంట. నువ్వు మాత్రం ఆ మట్టిల చెయ్యి పెట్టకు."

నేను తల ఊపాను. ఆమె అటు తిరిగి పక్కింటి గేటు తీసింది. రోడ్డు మీద నేను, ఎండ, వరసగా ఆగి ఉన్న మూడో కార్లు. వెళ్లిపోవాల్సింది. గోడ పక్కనే నిలబడ్డాను. పక్కింటి తలుపు తెరుచుకున్న చప్పుడు, ఎవరో ఆవిడ ఏంటి నీలమ్మా మళ్లీ కాగితమా అనడం, నీలమ్మక్క నేను చేసినవి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోవడం, అన్నీ గోడ ఇవతలికి వినబడుతూనే ఉన్నాయి. కిరాయి మొక్కలు తెచ్చింది చెప్పింది. అధికారిని మోసం చేసింది చెప్పింది. ఎండిన పుంటికూర పీకింది చెప్పింది.

"ఎవరు పీకారు?" అని ఆవిడ అడిగింది.

"ఎవరో సినిమోళ్ల పిల్ల అమ్మా" అంది నీలమ్మక్క. "నాకు ఎరుక లేని పిల్ల."